పాఠం చెప్పే చెవి

2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మా ఇంట్లో సంగీతం క్లాసు ఆగిపోయింది. రెండు వారాలు చూసి, అందరూ చేసినట్టే నేనూ ఫోనుకు ఒక స్టాండు తెప్పించుకుని ఆన్‌లైన్‌లో పాఠం మొదలుపెట్టాను. తిరుపతి పిల్లలతో పాటు అమెరికాలో ఉండే ఒక పాప కూడా చేరింది. వాళ్ల అమ్మమ్మగారిది మా వీధే. మొదటి రోజు తంబూరా పెట్టి, "దీంట్లో కలిపి స పట్టు పాపా" అన్నాను. పాప వేరే ఎక్కడో పట్టింది. ఇంకోసారి చెప్తే ఇంకెక్కడో పట్టింది. చెవి లేని పిల్ల అందామా అంటే, వాళ్ల అమ్మ ముందే పంపిన రికార్డింగులో శుభ్రంగా పాడింది. మూడు రోజులు ఇద్దరం అవస్థ పడ్డాక వాళ్ల నాన్న పక్కన కూర్చుని విని, "మీ గొంతు బాగానే వస్తోంది మేడం, తంబూరా అన్నారే, అదే రావడం లేదు" అన్నారు.

సంగతేమిటంటే, ఆ మీటింగ్ యాప్ ఫ్యాను చప్పుడు, ఏసీ హోరు వినపడకుండా చేస్తుంది. ఆగకుండా ఒకే తీరున మోగేదంతా దాని లెక్కలో గోలే. తంబూరా పనే ఆగకుండా ఒకే తీరున మోగడం. అందుకని మిగతా అన్నిటికన్నా ముందు మా శృతినే తుడిచేసింది. సెట్టింగుల్లో వెతికి ఒరిజినల్ సౌండ్ అనేది నొక్కితే తంబూరా వెళ్లింది. కానీ కలిసి పాడటం మాత్రం కుదరలేదు. నా గొంతు అక్కడికి చేరి, తన గొంతు తిరిగి నా దగ్గరికి వచ్చేసరికి కొంచెం ఆలస్యం అవుతుంది. మొదటి కాలంలో, అంటే నిదానంగా పాడేటప్పుడు, ఎలాగో సర్దుకున్నా వేగం రెట్టింపయ్యే రెండో కాలానికి వచ్చేసరికి తాళం ఒకచోట, స్వరం ఒకచోట. ఒకరు పాడి ఆపాక ఇంకొకరు పాడటమే దారి.

ఆ ఏడాదిన్నరలో నా పని ఏమిటో నాకు మొదటిసారి స్పష్టంగా అర్థమైంది. సంగీతం నేర్పడమంటే పాడి వినిపించడం అని చాలామంది అనుకుంటారు. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. పాడి వినిపించడానికి ఇప్పుడు ఫోను చాలు. మహావిద్వాంసుల గొంతులన్నీ అందులో ఉన్నాయి, నాకన్నా ఎన్నో రెట్లు బాగా పాడి వినిపిస్తాయి. ఫోను చెయ్యలేనిది వినడం. పిల్ల పాడుతుంటే విని, ఎక్కడ జారిందో అక్కడే, జారిన క్షణంలోనే ఆపి, ఎందుకు జారిందో తెలుసుకోవడం. గురువు పని అదే. సంగీతం చదువు గురించి మనం చేసే ఏర్పాట్లన్నిటినీ, బడిలో పీరియడ్ల దగ్గర నుంచి పోటీల దాకా, ఈ ఒక్క కొలతతోనే కొలవాలని నేను గట్టిగా నమ్ముతున్నాను: అక్కడ పిల్ల పాటను ఎవరైనా విడిగా వింటున్నారా?

నేను నేర్చుకున్నది గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో, ఒక సందులోని పాత మిద్దె ఇంట్లో. మా టీచరమ్మ సన్నాయి వాయించే ఇంట పుట్టారు. ఆ ఇళ్లలో మగపిల్లలకు వాద్యం చేతికి ఇవ్వకముందే నోటితో స్వరం, చేత్తో తాళం నేర్పుతారు. అన్నదమ్ములకు చెప్పే పాఠం వంటింట్లో కూర్చుని విని ఆవిడకు వచ్చేసింది. ఆడపిల్లని ఎవరూ ఎదురుగా కూర్చోబెట్టలేదు. 1959లో దేవస్థానం వాళ్లు తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల పెట్టాక, రెండేళ్లకు వెళ్లి చేరారట. "నేను పాడితే ఒకరు కూర్చుని వినడం అక్కడే మొదలు" అనేవారు.

నాకు ఎనిమిదేళ్లు. సాయంత్రం ఐదింటికి వెళ్లేసరికి టీచరమ్మ చాప మీద చేట పెట్టుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఉండేవారు. నా వైపు చూసేవారు కాదు. నేను కుడి తొడ మీద ఆది తాళం వేసుకుంటూ మొదటి పాఠాలైన సరళీ వరుసలు మొదలుపెట్టేదాన్ని. ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, మళ్లీ దెబ్బ, తిప్పడం, దెబ్బ, తిప్పడం. ఆవిడ వేళ్లు కాయ కొన పట్టుకుని ఈనె లాగుతూ ఉండేవి. లాగడం, విరవడం, చేటలో వెయ్యడం. నేను స రి గ మ ప దాకా వచ్చి ద దగ్గరికి చేరేసరికి ఆ చెయ్యి ఆగిపోయేది. సగం లాగిన ఈనె అలాగే వేలాడుతూ ఉండేది. ఆవిడ ఏమీ అనేవారు కాదు. నేను వెనక్కి వెళ్లి ప నుంచి మళ్లీ ఎక్కేదాన్ని. సరిగ్గా పడితే ఈనె కదిలేది. పడకపోతే తల ఎత్తి "కిందికి" అనేవారు. ఆ మాట కూడా వారానికి ఒకటి రెండు సార్లే. ఆగిన చెయ్యి చూస్తే చాలు, నా తప్పు నాకు వినిపించేది. తర్వాత తర్వాత చెయ్యి ఆగకముందే వినిపించడం మొదలైంది. నేర్చుకోవడం అంటే ఆ మార్పే అనుకుంటాను: టీచరమ్మ చెవి నాలోకి వచ్చేసింది.

ఆ ద, అంటే ధైవతం, దగ్గరే ఎందుకు తప్పేదాన్నో చెప్పాలి. మనవాళ్లు మొదటి పాఠం మాయామాళవగౌళ రాగంలో చెప్తారు. సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు ఈ క్రమంలో కూర్చినవాడు పురందరదాసు, 1484 నుంచి 1564 వరకు జీవించినవాడు అని సంప్రదాయం చెప్పే మాట. ఎవరు పెట్టినా చాలా ఆలోచించి పెట్టారు. ఈ రాగంలో స పక్కనే రి, ఆ తర్వాత పెద్ద దూకుడు, తర్వాత గ పక్కనే మ. పైన ప పక్కనే ద, మళ్లీ దూకుడు, ని పక్కనే పై స. కింది సగం ఎలా ఉందో పై సగం అచ్చం అలాగే ఉంటుంది. కింద నాలుగు మెట్లు కుదిరిన పిల్లకు పై నాలుగూ కొత్త కాదు. దగ్గర మెట్టు, దూరం మెట్టు రెండూ మొదటి రోజు నుంచే గొంతుకు అలవాటవుతాయి. కానీ ఇప్పటి పిల్లల చెవిలో సినిమా పాటలు, అలారం ట్యూన్లు నిండి ఉంటాయి. వాటిలో ఎక్కువగా వినపడే రి, ద కొంచెం పైన ఉంటాయి. అందుకని ఈ రాగంలోని కింది రి, కింది ద, అంటే శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం దగ్గర ప్రతి పిల్లా పైకి జారుతుంది. నేనూ జారాను. మొదటి నెలలో గురువు చెయ్యవలసిన అతి పెద్ద పని ఈ రెండు స్వరాల దగ్గర కాపలా కాయడమే.

ఇప్పుడు దానికీ యాప్‌లు వచ్చాయి. పాడుతుంటే ముల్లు కదులుతుంది, స్వరం తగ్గితే ఎర్రగా చూపిస్తుంది. నేనూ వాడి చూశాను. ముల్లు తప్పు పడిందని చెప్తుంది, అంతవరకు నిజమే. నా దగ్గర పోయిన ఏడాది ముగ్గురు పిల్లలకు పై స అందేది కాదు. ఒక పాప ఊపిరి చాలక తగ్గించేది, ని దగ్గర ఒక్క క్షణం ఆగి ఊపిరి తీసుకోమంటే సరిపోయింది. ఇంకో పాప నోరు సరిగా తెరవదు. పళ్లకు క్లిప్పు వేశారు, అది కనపడుతుందని సిగ్గు. ఆమెతో ఒక్కదానితో విడిగా పాడించాను. మూడోవాడికి పదమూడేళ్లు, గొంతు మారుతోంది. వాడిని పై స్థాయికి తోస్తే గొంతు పాడైపోతుంది. శృతి దించి, మంద్రంలో, అంటే కింది స్థాయిలో, పాడుకోమని, కొన్నాళ్లు తాళం మీదే కూర్చోబెట్టాను. ముల్లుకు ముగ్గురూ ఒకటే. అందరినీ "ఇంకా పైకి" అంటుంది.

ఇదంతా తిరుపతిలో కూర్చుని చెప్పడానికి నాకు ఇంకో కారణం ఉంది. పాట బతకడానికి వినే చెవి ఎంత అవసరమో మా ఊరికి తెలిసినంతగా ఇంకే ఊరికీ తెలియదు. తాళ్లపాక అన్నమాచార్యులు 1408 నుంచి 1503 వరకు ఉన్నారు. ఆయన కొడుకు పెద్ద తిరుమలాచార్యుల కాలంలో ఆ సంకీర్తనలను రాగి రేకుల మీద చెక్కించి, తిరుమల గుడిలోనే సంకీర్తన భాండారం అనే చిన్న అరలో పెట్టారు. రెండు వేలకు పైగా రేకులు. తాటాకుకు చెద పడుతుంది, కాగితం చివికిపోతుంది అని ఆలోచించి రాగి మీద చెక్కించారు. అంతకన్నా జాగ్రత్త మనిషి చెయ్యలేడు. 20వ శతాబ్దంలో ఆ రేకులు మళ్లీ వెలుగులోకి వచ్చేసరికి సాహిత్యం అక్షరం అక్షరం ఉంది. పాట పైన రాగం పేరు ఉంది: ముఖారి, సామంతం, బౌళి, కొండమలహరి. ఆ పాటలు పాడే వరస మాత్రం లేదు. మధ్యలో ఎక్కడో, ఒక తరం ఇంకో తరం పాటను కూర్చుని వినడం ఆగిపోయింది. అంతే, రాగి కూడా ఏమీ చెయ్యలేకపోయింది.

తర్వాత వచ్చినవాళ్లు కొత్తగా వరసలు కట్టారు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు తిరుపతికి వచ్చి, రేకుల మీది పాఠాలు సరిచూస్తూనే వందకు పైగా కీర్తనలకు స్వరం కట్టారు. గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్‌గారు మా ఊళ్లోనే ఉండి వందల కీర్తనలకు బాణీలు కట్టి, పాడి, పిల్లలకు నేర్పి, 2025 మార్చిలో వెళ్లిపోయారు. ఈ రోజు ఇక్కడ ఏ వీధిలో ఏ పిల్ల అన్నమయ్య పాట పాడినా అది ఇలాంటి కొద్దిమంది పెట్టిన భిక్ష. బాలకృష్ణప్రసాద్‌గారి బాణీలు పోవు, రికార్డింగులు ఉన్నాయి కదా అని ఒకరు నాతో అన్నారు. నాకు మాత్రం రాగి రేకులే గుర్తొచ్చాయి. రికార్డింగు రేకుకన్నా చాలా మెరుగు, సందేహం లేదు, గొంతునే దాస్తుంది. అయితే దాన్ని విని పాడే పిల్ల సరిగా పాడిందో లేదో అది వినదు.

స్వరం రాసి పెడితే సరిపోదా అనే మాటకు కూడా జవాబు మా పాత చిత్తూరు జిల్లాలోనే ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లెలోని బిసెంట్ థియోసాఫికల్ కాలేజీకి వచ్చారు. అప్పట్లో మదనపల్లె చిత్తూరు జిల్లాలోది. అక్కడ ఆయన జనగణమన పాడి వినిపించారు, ఇంగ్లీషులోకి అనువదించారు. కాలేజీ ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ ఐర్లండులో సంగీతం చదివి డిగ్రీ తీసుకున్న మనిషి. ఆవిడ కూర్చుని ఆ పాటకు స్వరం రాశారు. ఆ రాత, ఆ కాలేజీ పిల్లల గొంతులు కలిసి పాటను నిలబెట్టాయి. అది తిన్నగా సాగే వరస, రాతలో నిలుస్తుంది. మన రాగాలు అలా తిన్నగా ఉండవు. తోడిలో గ అని రాస్తాం, కానీ ఆ గ ఒక చోట నిలిచేది కాదు, ఊగేది. ఎంత ఊగాలో, ఎక్కడి నుంచి ఊగాలో అక్షరం చెప్పదు. ఈ కష్టం తెలిసే సుబ్బరామ దీక్షితులు ఎట్టయపురంలో ఉండి 1904లో తెచ్చిన తన మహాగ్రంథంలో గమకాలకు, అంటే స్వరాల ఊపులకు, వేరే గుర్తులు పెట్టారు. అది తెలుగు లిపిలో అచ్చయిన పుస్తకం, మనకు గర్వకారణం. నేను రోజూ తెరిచి చూస్తాను. అయినా ఆ గుర్తులు ఎలా పలకాలో నాకు పుస్తకం చెప్పలేదు. టీచరమ్మ పాడించి, తప్పు పట్టి, మళ్లీ పాడించి చెప్పారు.

ఇంత చెప్పాక, గురుకులాల రోజులే బంగారమని నేను అంటున్నానని ఎవరైనా అనుకోవచ్చు. అనడం లేదు. గురుకులంలో చోటు అందరికీ లేదు. ఫలానా ఇంట్లో పుడితే, మగపిల్లవాడైతే, గురువుగారికి నచ్చితే, చాకిరీ చేసే ఓపిక ఉంటే చదువు. తెలుగు నాట మొదటి సంగీత కళాశాల 1919లో విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రిన్సిపాల్‌గా మొదలైంది. అలాంటివి రాకపోతే మా టీచరమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చేవారు కాదు, నేను ఈ నాలుగు మాటలు రాసేదాన్ని కాదు. మా చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్లైగారిని చూడండి. కాంచీపురం నాయనా పిళ్లైగారి దగ్గర పాత పద్ధతిలో నేర్చుకున్నారు. 1954లో సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. తర్వాత కాలేజీల్లో, మా తిరుపతి కళాశాలలో కూడా, ప్రిన్సిపాల్‌గా ఉండి పాఠం చెప్పారు. గురుకులంలో పెరిగిన చెవిని తరగతి గదిలోకి తెచ్చిన తరం అది. అది జరిగే పనేనని వాళ్లు చూపించారు.

గురుకులంలో మంచి సంగతి ఒక్కటే, సమయం. శిష్యుడు బావి దగ్గర నీళ్లు తోడుతూ కూనిరాగం తీసినా గురువు చెవిన పడేది. "ఏమిట్రా ఆ నిషాదం" అని లోపలి నుంచి కేక వచ్చేది. ఆ సమయాన్ని మనం తరగతి గదిలోకి తేలేదు. లెక్క చూడండి. బడిలో వారానికి ఒక సంగీతం పీరియడు, 45 నిమిషాలు. క్లాసులో 30 మంది. ఒక్కొక్కరిని విడిగా వింటే తలకు నిమిషంన్నర. అది కుదరదు కాబట్టి అందరూ కలిసి పాడతారు. కలిసి పాడితే బాగా పాడే నలుగురి గొంతు పైకి వస్తుంది, మిగతావాళ్లు దాని నీడలో ఉంటారు.

నేను కొన్నాళ్లు ఒక బడిలో ఇలాగే చెప్పాను. వార్షికోత్సవానికి మూడు వారాలు ఉందనగా 60 మందితో ఒక కీర్తన పాడించమన్నారు. పాడించాను. చీరలు, పూలు, మైకులు, చప్పట్లు, అన్నీ బాగానే జరిగాయి. మరుసటి వారం రెండో వరసలో నిలబడిన ఒక పాప మా ఇంటికి వచ్చి, విడిగా నేర్చుకుంటానంది. పాడమన్నాను. రెండేళ్లుగా నా క్లాసులోనే ఉన్న పిల్లకు స, ప కలవడం లేదు. తప్పు పాడుతోందని ఆ పాపకు తెలియదు, నాకూ తెలియదు. రెండేళ్లు నేను ఆమెను ఒక్కసారి కూడా వినలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఏడాది చివర ఆ ఉద్యోగం మానేశాను. ఇప్పుడు ఇంట్లో ఒక బ్యాచ్‌కు ఆరుగురు, గంట. తలకు పది నిమిషాలు వస్తాయి. డబ్బు తక్కువే. కానీ ఆరుగురి గొంతులు కళ్లు మూసుకున్నా గుర్తుపడతాను.

బడులకు నా విన్నపం ఒకటుంది. 60 మందిని స్టేజీ ఎక్కించే డబ్బుతో ఇంకో సంగీతం టీచర్‌ను పెట్టండి. పోటీలు పెట్టేవాళ్లు చిన్నపిల్లలకు కీర్తన అడగడం మాని, అలంకారం మూడు కాలాల్లో అడగండి. ఏడు తాళాల్లో ఒక్కటి చాలు. మూడు వారాల్లో బట్టీ పట్టించిన పాట ఎవరైనా పాడతారు, రూపక తాళం మూడో కాలంలో నిలబడటానికి ఏడాది కూర్చోవాలి. ఇంకోటి కూడా చెప్పాలి. కచేరీ చేసే పిల్ల పేరు కింద పెద్ద గురువుగారి పేరు వేస్తారు, మంచిదే. సరళీ వరుసలు చెప్పిన మనిషి పేరు కూడా వెయ్యండి. ఆ మనిషి ఎక్కడో ఒక సందులో నెలకు కొద్దిపాటి ఫీజుతో ఇంకా ద దగ్గర కాపలా కాస్తూ ఉంటుంది.

ఇక తల్లిదండ్రులు. "పాట ఎప్పుడు చెప్తారు మేడం?" అని అడగని వాళ్లు లేరు. వాళ్ల మీద నాకు కోపం లేదు. ఫీజు కడుతున్నారు, ఇంట్లో చుట్టాలు వస్తే పిల్ల ఒక పాట పాడాలని ఆశ ఉంటుంది. ఈ జూన్‌లో ఒక బాబు చేరాడు. వాళ్ల నాన్న ఆర్టీసీలో డ్రైవర్, ఘాట్ రోడ్డు డ్యూటీ. రెండో నెలలో ఆయనా అడిగారు. జవాబు చెప్పకుండా, ఆదివారం పొద్దున క్లాసుకు వచ్చి కూర్చోమన్నాను. వచ్చారు. గోడకు ఆనుకుని కూర్చున్నారు. బాబు మొదటి వరస పాడాడు, నేను రెండు చోట్ల ఆపాను. "ఏమి తేడా వచ్చిందో మీకు తెలిసిందా?" అని అడిగాను. తెలియలేదన్నారు. మళ్లీ పాడించాను. మూడోసారికి ఆయనే, నేను ఆపకముందే, వేలు పైకెత్తారు.

"ఆ ఆరోది కదా మేడం, కొంచెం పైకి పోయింది."

ఎలా పట్టారని అడిగాను. "బండి కొండ ఎక్కేటప్పుడు ఇంజను సౌండే చూసుకుంటాం మేడం. గేరు మార్చాల్సిన చోట సౌండు మారుతుంది. దానికి పేరేమిటో తెలియదు కానీ మారిందని తెలుస్తుంది" అన్నారు.

అప్పటి నుంచి డ్యూటీ లేని సాయంత్రాలు బాబు పక్కన కూర్చుంటున్నారు. పాట సంగతి మళ్లీ ఎత్తలేదు. బాబుకు రిషభం కుదిరింది. ధైవతం ఇంకా నాలుగుసార్లలో ఒకసారి పైకి పోతోంది. రెండో కాలం దసరా సెలవులయ్యాక మొదలుపెడదాం అనుకున్నాం.